నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా.. అయినా ఆక్రోపోరా పగడం కొనలు తెల్లబడుతున్నాయి, ఇసుక మీద గోధుమరంగు జిగురు

పగడపుపిచ్చి

అందరికీ నమస్కారం. నాది 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి), కింద సంప్ (ఫిల్టర్ సామాను పెట్టే తొట్టి) ఉంది. రాళ్లు, ఇసుక పోగా అసలు నీళ్లు 170 లీటర్ల దాకా ఉంటాయి. డ్రై రాక్‌తో (జీవం లేని ఎండు రాయి) మొదలుపెట్టాను, ఏడాది దాటింది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా, కొన్ని నత్తలు ఉన్నాయి. జోయాంథిడ్స్, హ్యామర్ పగడాలు బాగా నిలబడ్డాయని ధైర్యం చేసి మోంటిపోరా, ఆక్రోపోరా పగడాల ముక్కలు కూడా పెట్టాను.

ఈమధ్య ఆక్రోపోరా కొనలు కాలినట్టు తెల్లబడుతున్నాయి. మోంటిపోరా రంగు వెలిసిపోయింది. ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు జిగురు, దాంట్లో చిన్న చిన్న బుడగలు. పొద్దున చూస్తే తగ్గినట్టే ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ తీగలు సాగుతుంది. పైపుతో పీల్చేసినా మర్నాటికి తయారు.

అంకెలు ఇవీ: ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు), ఉష్ణోగ్రత 25.5, ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) 11.4 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 440 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు), మెగ్నీషియం 1350 పీపీఎం, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0.00. పీహెచ్ సాయంత్రం 8.2 ఉంటుంది, తెల్లవారుజామున 7.8కి పడిపోతుంది. అందుకని పొద్దున్నే కాస్త పీహెచ్ బఫర్ పౌడర్ వేస్తున్నాను. టు-పార్ట్ డోసింగ్ (కాల్షియం, ఆల్కలినిటీ ద్రావణాలు పోయడం) సీసా మీద రాసినంత. స్కిమ్మర్ (నురగతో మలినాలు లాగే యంత్రం), రియాక్టర్‌లో జీఎఫ్ఓ (ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు), సంప్‌లో కీటోమార్ఫా (పోషకాలు తాగే నాచు) నడుస్తున్నాయి. వారానికి 20 శాతం నీళ్లు మారుస్తాను.

నీళ్లు ఇంత శుభ్రంగా ఉంటే ఈ జిగురు దేన్ని తిని బతుకుతోంది? జీఎఫ్ఓ ఇంకాస్త పెంచి, మూడు రోజులు లైట్లు ఆపేద్దామనుకుంటున్నాను. సరైన పనేనా?

నీలితొట్టి

డయాటమ్స్ (సిలికా పెంకున్న సూక్ష్మ ఆల్గే) అయ్యుంటాయి బ్రో, డ్రై రాక్ ట్యాంకుల్లో మామూలే. ఆర్ఓ-డీఐ నీళ్ల (ఆర్ఓ, రెసిన్‌లతో శుద్ధి చేసినవి) టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మోతాదు) ఎంతో చూడండి. సున్నా కాకపోతే రెసిన్ మార్చేయండి, సిలికేట్ అక్కడి నుంచే వస్తుంది.

ఉప్పుగల్లు

టీడీఎస్ చూడటం మంచిదే. కానీ పొద్దున తగ్గి మధ్యాహ్నానికి బుడగలతో తీగలు సాగేది డయాటమ్ కాదు. నా అనుమానం డైనోఫ్లాజెల్లేట్స్ (డైనోలు అని పిలిచే ఏకకణ జీవులు) మీద. నీళ్లు పరీక్షించడమే నా ఉద్యోగం కాబట్టి అంకెలు కనిపిస్తే ఊరుకోలేను, కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు జీఎఫ్ఓ తీసేయండి. పెంచడం కాదు, తీసేయడం. మీ ట్యాంకులో ఉన్నవి మూడు చేపలు. అవి వదిలే కాస్త నైట్రోజన్, ఫాస్ఫరస్ కోసం స్కిమ్మర్, జీఎఫ్ఓ, కీటోమార్ఫా మూడూ పోటీపడుతున్నాయి. దానికి తోడు డ్రై రాక్. కాల్షియం కార్బొనేట్ రాయి కొత్తలో ఫాస్ఫేట్‌ని తన ఉపరితలం మీదికి లాక్కుంటూనే ఉంటుంది. ఇక పగడంలో ఉండే జూజాంథెల్లేకి ఏం మిగిలింది? అవీ ఆల్గేలే, వాటికీ ఎరువు కావాలి. మోంటిపోరా వెలిసిపోవడానికి కారణం అదే. సున్నా అంటే శుభ్రం కాదండీ, పస్తు. మామూలు ఆల్గే, బ్యాక్టీరియా పస్తుతో వెనకబడిన చోటే డైనోలు జాగా చేసుకుంటాయి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబెట్టండి.

రెండోది ఆ బఫర్ పౌడర్. దాంట్లో ఉండేది ప్రధానంగా కార్బొనేట్, బైకార్బొనేట్. అంటే పీహెచ్ పేరుతో మీరు రోజూ పోస్తున్నది ఆల్కలినిటీనే. 11.4 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకక్కర్లేదు. సముద్రంలో అది 7 చుట్టుపక్కల ఉంటుంది. పోషకాలు బాగా ఉన్న ట్యాంకులో 11 కూడా చెల్లుతుందేమో గానీ, ఆల్కలినిటీ ఎక్కువ, నైట్రేట్-ఫాస్ఫేట్ సున్నా అనే జంట కుదిరితే ఆక్రోపోరా కొనలు కాలడం ఈ హాబీలో పదే పదే చూసేదే.

మరి తెల్లవారుజామున 7.8 సంగతి? ఆల్కలినిటీ ఇంత ఉండి కూడా పీహెచ్ పడుతోందంటే అది కార్బన్ డయాక్సైడ్ పని. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. గది మూసి ఉంటే మనుషులు వదిలేది కూడా నీళ్లలోకే చేరుతుంది. ఒక పరీక్ష చేయండి. పొద్దున్నే ఒక గ్లాసు ట్యాంక్ నీళ్లు బయటకు తీసుకెళ్లి, ఎయిర్ స్టోన్ వేసి గంటసేపు ఆరుబయట గాలి కొట్టండి. పీహెచ్ పైకి లేస్తే, స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటకు పెట్టండి. కీటోమార్ఫా లైటు రాత్రిపూట వెలిగేలా టైమర్ మార్చండి. పౌడర్ డబ్బా మూతపెట్టి పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఆల్కలినిటీ దించడం. యాసిడ్‌లూ అవీ వద్దు. బఫర్, డోసింగ్ రెండూ ఆపి రోజూ ఒకే వేళకి పరీక్షించండి చాలు, పగడాలు, కోరలైన్ ఆల్గే (రాళ్ల మీద పట్టే సున్నపు నాచు) వాడుకుంటూ తమంతట తామే దించుతాయి. ఆ దిగే వేగమే మీ ట్యాంక్ రోజువారీ వాడకం. సీసా మీద రాసింది మీ పగడాల్ని చూసి రాసింది కాదు కదా. పగడం అస్థిపంజరం కట్టేటప్పుడు ప్రతి 2.8 డీకేహెచ్‌కీ 20 పీపీఎం కాల్షియం పడుతుంది. ఆ లెక్కన 11.4 నుంచి 8కి వచ్చేసరికి కాల్షియం 24 తగ్గి 416 దగ్గర ఆగుతుంది. సముద్రంలో ఉన్నది దాదాపు అంతే. కాబట్టి కాల్షియం గురించి కంగారు వద్దు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి. రోజుకి 0.7 డీకేహెచ్ వాడకం అంటే కాల్షియం 5 పీపీఎం మాత్రమే. 420లో 5 తగ్గితే ఇంట్లో వాడే టెస్ట్ కిట్ పట్టుకోలేదు, 8లో 0.7 తగ్గితే వెంటనే పట్టుకుంటుంది. రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ, కాల్షియం వారానికోసారి చాలు. 8 దగ్గరికి చేరాక డోసింగ్ మళ్లీ మొదలుపెట్టండి. మీ 170 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగడానికి సోడియం బైకార్బొనేట్ 5 గ్రాములు పడుతుంది, ఆ కొలతతో సరిచూసుకోవచ్చు.

ఉప్పు బకెట్ కూడా ఓసారి చూడండి. కొత్తగా కలిపిన నీళ్లలోనే ఆల్కలినిటీ 11, 12 వస్తే, 20 శాతం మార్చిన ప్రతిసారీ ఒక గెంతు తప్పదు. ఎలాగూ డైనోలు తగ్గేదాకా నీళ్లు మార్చడం ఆపితే మేలు, కొత్త నీళ్లు పోస్తే అవి పుంజుకోవడం చాలామంది చూశారు. లైట్లు ఆపడం మాత్రం వద్దు. ఇప్పటికే నీరసించిన ఆక్రోపోరా మూడు రోజుల చీకటికి తట్టుకోలేకపోవచ్చు.

అసలు అవి డైనోలేనా అని తేల్చుకోవడం తేలిక. కొంచెం జిగురుని ట్యాంక్ నీళ్లతో సహా చిన్న సీసాలో పట్టి గట్టిగా కుదపండి. ఫిల్టర్ పేపర్ మీద వడకట్టి, కిందికి దిగిన నీళ్లని లైటు కింద ఓ గంట ఉంచండి. అందులో మళ్లీ తీగలు కడితే డైనోలే.

అలలహోరు

ఉప్పుగల్లు గారూ, ఒక సందేహం. నైట్రేట్, ఫాస్ఫేట్ పెంచాలంటే మేత ఎక్కువ వేస్తే సరిపోదా? కెమికల్స్ పోయడం అంటే నాకెందుకో భయం.

ఉప్పుగల్లు

మేత పెంచొచ్చు, చేపలు సంతోషిస్తాయి. కానీ ఎంత వేస్తే ఎంత పెరుగుతుందో చెప్పలేం, తినగా మిగిలింది ఇసుకలో కుళ్లుతుంది. సోడియం నైట్రేట్ అయితే లెక్క తేలిక: ఈ ట్యాంకులో 2 పీపీఎం నైట్రేట్ పెరగడానికి అర గ్రాముకి కాస్త తక్కువ, ఆర్ఓ నీళ్లలో కరిగించి పోయడమే. ఫాస్ఫేట్‌కి ట్రైసోడియం ఫాస్ఫేట్. ఇది మాత్రం మొదట్లో పోసింది పోసినట్టు మాయమవుతుంది, రాళ్లు తాగేస్తాయి. పోశాను కదా అని వదిలేయకుండా మర్నాడు పరీక్షించి మళ్లీ పోయాలి. భయపడాల్సింది కెమికల్‌కి కాదు, కొలవకుండా పోయడానికి.

ఫ్రాగ్‌ల_బుట్ట

రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు మోతాదు కొలిచే పరికరం) దేంతో సరిచేశారు? ఆర్ఓ నీళ్లతో సున్నాకి సరిచేసినంత మాత్రాన 35 దగ్గర కరెక్టుగా చూపిస్తుందని నమ్మకం లేదు, కొన్ని ఉత్త ఉప్పుద్రావణం లెక్కతో తయారవుతాయి. 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో ఓసారి సరిచూడండి. ఉప్పు తప్పయితే మిగతా అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

పగడపుపిచ్చి

అందరికీ థాంక్స్. రిఫ్రాక్టోమీటర్ స్టాండర్డ్‌తో చూశాను, బాగానే ఉంది. టీడీఎస్ సున్నా. కొత్తగా కలిపిన ఉప్పునీళ్లలో ఆల్కలినిటీ 11 వచ్చింది! గాలి పరీక్షలో పీహెచ్ 8.1కి లేచింది, గొట్టం కిటికీ బయటకు పెట్టేశాను.

సీసా పరీక్షలో గంట కూడా పట్టలేదు, తీగలు కట్టాయి. పిల్లల మైక్రోస్కోప్ ఉంటే 400 రెట్లలో చూశాను. నీటిబొట్టు ఆకారంలో, ఒక కొన దగ్గర కట్టేసినట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. జీఎఫ్ఓ తీసేశాను, నైట్రేట్ మొదలుపెట్టాను. రెండు నత్తలు కదలట్లేదు, దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉప్పుగల్లు

ఉంది. మీరు చెప్పిన ఆకారం, ఆ తిరగడం ఆస్ట్రియాప్సిస్ అనే రకం డైనోలవి. వాటిలో విషం ఉంటుంది, మేసిన నత్తలు చచ్చిపోతాయి. కదలని నత్తల్ని తీసేయండి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి తరచూ మార్చండి.

ఒక రకంగా అదృష్టవంతులే. ఆంఫిడినియం అనే ఇంకో రకం డైనో అయితే ఇసుక వదిలి రాదు, యూవీ (అతినీలలోహిత) కాంతి దాని మీద పనిచేయదు. ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి తేలుతుంది. యూవీ స్టెరిలైజర్ దొరికితే సంప్‌లో కాకుండా పై ట్యాంక్ నీళ్లే నేరుగా వెళ్లొచ్చేలా బిగించండి, రాత్రంతా నడవాలి. సాయంత్రం లైట్లు ఆరేముందు రాళ్ల మీద జిగురుని టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం) ఊది లేపండి.

చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు వేసుకోండి. డైనోల సంగతి అలా ఉంచితే మీ దగ్గర జోయాంథిడ్స్ కూడా ఉన్నాయి. ఆ జాతుల్లో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఆ రాళ్లని బయటకు తీసి బ్రష్‌తో రుద్దడం, వేడినీళ్లలో వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ఉన్న ఉప్పు బకెట్ పారేయక్కర్లేదు. మళ్లీ నీళ్లు మార్చడం మొదలుపెట్టినప్పుడు 20 శాతం బదులు 5 శాతం చొప్పున మార్చండి, గెంతు తగ్గుతుంది. ఈలోగా ఆల్కలినిటీ, ఫాస్ఫేట్ రోజువారీ అంకెలు ఇక్కడే పెడుతూ ఉండండి, చూస్తాను.