రెండు సగటులు చూస్తే పోలిక పూర్తయినట్లేనా?

అన్నానగర్ నుండి ఒక తండ్రి: పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, తన బడికి బస్సులో వచ్చేవారు ఐదుగురిని, మెట్రోలో వచ్చేవారు ఐదుగురిని ప్రయాణ సమయం అడిగింది. బస్సుకు 28, 35, 40, 47, 60 నిమిషాలు. మెట్రోకు 20, 29, 36, 41, 54. సగటులు 42, 36 కాబట్టి మెట్రోలో ఆరు నిమిషాలు ముందుగా చేరతారని రాస్తే, ఆ నిర్ణయం చెల్లదని మార్కులు తగ్గించారు. పదో తరగతి పుస్తకంలో ఉన్నవి సగటు, మధ్యగతం, బహుళకమే కదా! అంతకు మించి ఆశించడం న్యాయమా?

తాంబరం నుండి ఒక గణిత ఉపాధ్యాయిని: న్యాయమేనండీ. సగటు విచలనం, అంటే ఒక్కొక్క విలువ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి ఆ దూరాలకు కట్టిన సగటు, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతిలో వచ్చే మాట నిజమే గానీ, బస్సు పిల్లల్లోనే 28కీ 60కీ మధ్య అంత దూరం ఉండగా ఆరు నిమిషాల తేడా ఏపాటిదన్న ప్రశ్నకు సూత్రం అక్కరలేదు. లెక్క కట్టినా రెండు గుంపులకూ సగటు విచలనం 9.2 నిమిషాలు, అంటే తేడా కన్నా ఎక్కువే. పది సమయాలనూ చీటీల మీద రాసి, కలిపి, ఐదేసిగా విడదీయమనండి. అలా విడదీసే విధాలు మొత్తం 252. వాటిలో 63 సార్లు, అంటే సరిగ్గా నాలుగో వంతు, 'బస్సు' అనుకున్న కుప్ప సగటు రెండో కుప్ప సగటు కన్నా ఆరు నిమిషాలు గానీ అంతకు మించి గానీ ఎక్కువ వస్తుంది. ఏ ప్రయాణ సాధనంతోనూ నిమిత్తం లేకుండా ఇంత తరచుగా వచ్చే తేడాను మెట్రో ఖాతాలో ఎలా వేస్తాం?

వేళచ్చేరి నుండి మరొకరు: మేడం గారి లెక్కతో నాకు పేచీ లేదు, అయితే అసలు లోపం అంతకు ముందే ఉంది. స్టేషనుకు దగ్గరగా ఇల్లున్న పిల్లలే మెట్రో ఎక్కుతారు కనుక, ఐదుగురికి బదులు ఐదు వందల మందిని అడిగినా ఆ తేడా బండిదో ఇంటిదో తేలదు. ఇలాగే 1930లో స్కాట్లాండులోని లానార్క్‌షైర్‌లో దాదాపు 20,000 మంది బడిపిల్లలలో సగం మందికి పాలు ఇచ్చి ఎదుగుదలను పోల్చారు. ఉపాధ్యాయులు జాలిపడి బక్కపిల్లలను పాల గుంపులోకి మార్చడంతో, మొదటి రోజుకే పాలు ఇవ్వని గుంపు ఎత్తులోనూ బరువులోనూ ముందుంది. 'స్టూడెంట్' అనే మారుపేరుతో రాసిన గణాంక శాస్త్రవేత్త గాసెట్ మరుసటి ఏడే ఈ లోపాన్ని ఎత్తిచూపాడు.

అన్నానగర్ తండ్రి: చీటీల పద్ధతి మా అమ్మాయి చేత తప్పకుండా చేయిస్తాను. తరగతిలో ఒక్కసారైనా చేయించని దానికి మార్కులు తగ్గించడాన్ని మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.