బ్యాంకాక్‌లో మొదటి ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం, రెండిట్లో ఏది పట్టుకోను?

కందుకూరు అమ్మాయి, బ్యాంకాక్:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. టి.ఆర్.ఆర్. కాలేజీలో డిగ్రీ, కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎం.ఎ. ఇంగ్లీష్, ఆ తర్వాత బి.ఇడి. చేశాను. ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్లు ఎనిమిది, తొమ్మిది తరగతులకు చెప్పాను. పెళ్లయి బ్యాంకాక్ వచ్చి మూడు వారాలు. మా ఆయనది ఇక్కడే ఉద్యోగం.

రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి షాపింగ్ మాల్‌లో ఉండే లాంగ్వేజ్ సెంటర్. గంటకు 400 బాట్, "వర్క్ పర్మిట్ సంగతి తర్వాత చూద్దాం, రేపటి నుంచే రండి" అన్నారు. రెండోది ప్రైవేటు ప్రైమరీ స్కూలు. నెలకు 23,000 బాట్, నవంబరు నుంచి మార్చి వరకు కాంట్రాక్టు, నచ్చితే మే నుంచి పొడిగిస్తారట. వాళ్లేమో ఒరిజినల్ సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్, టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష స్కోరు అన్నీ అడుగుతున్నారు, డెమో క్లాసు కూడా ఉంది. ఇంట్లో అందరూ సెంటర్‌కే పొమ్మంటున్నారు. ఏం చెయ్యమంటారు?

నెల్లూరు అక్క, నఖోన్ పథోమ్:

కందుకూరంటే మా చిన్నత్త వాళ్ల ఊరు, కాబట్టి కాస్త చనువుగానే చెప్తా.

ముందు ఇంట్లో వాళ్ల లెక్క చూద్దాం. గంటకు నాలుగొందలు, వారానికి ఇరవై గంటలు, నెలకు 32,000. ఇక్కడికొచ్చిన ప్రతి ఒక్కరూ వేసే లెక్కే. ఆ ఇరవై గంటలూ వాళ్లు ఇస్తారా అని మాత్రం ఎవరూ అడగరు. స్కూల్లో పరీక్షలుంటే పిల్లలు సెంటర్‌కు రారు. ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్ పండగకు ఊళ్లకు పోతారు. పిల్ల రాకపోతే క్లాసు లేదు, క్లాసు లేకపోతే డబ్బు లేదు. నాకు మొదటి నెల 61 గంటలు పడ్డాయి, రెండో నెల 34.

డబ్బు కన్నా పెద్ద చిక్కు వీసా. నువ్వు వచ్చింది మీ ఆయన మీద డిపెండెంట్‌గా. ఆ వీసాతో ఇక్కడ పాఠం చెప్పకూడదు. స్కూలు కాగితాలిస్తే ఉద్యోగానికిచ్చే నాన్ బి వీసాలోకి మారాలి, దాని మీద వర్క్ పర్మిట్ రావాలి. పర్మిట్ లేకుండా పని చేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాట్ దాకా జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు, రెండేళ్ల వరకు మళ్లీ పర్మిట్ ఇవ్వరు. "ఏం కాదు, మేం చూసుకుంటాం" అనే సెంటర్ వాళ్లు జరిమానా అయితే కడతారేమో. విమానం ఎక్కాల్సింది మాత్రం నువ్వే.

ఈ తప్పు నేను చేసినదే. వచ్చిన కొత్తలో ఇట్టాంటి సెంటర్‌లోనే చేరాను. మూడో నెల జీతం ఎగ్గొట్టారు. అడగడానికి పోతే మేనేజరు నవ్వుతూ టీ ఇచ్చి పంపించాడు. ఫిర్యాదు చేద్దామంటే, మొదటి ప్రశ్న నీ పర్మిట్ ఏదని వస్తుంది కదా. నోరు మూసుకుని ఇంటికొచ్చా. అమ్మ ఫోన్‌లో జీతం పడిందా అంటే పడిందనే చెప్పా.

అందుకని కాగితాలు ఎక్కువ అడిగే స్కూలును చూసి భయపడొద్దు. మనది ఇంగ్లీష్ మాతృభాష అయిన దేశం పాస్‌పోర్టు కాదు కాబట్టి టోయిక్‌లో 600 దాకా స్కోరు అడగడం ఇక్కడ మామూలే. మొత్తం 990కి. రెండు గంటల పరీక్ష, 200 ప్రశ్నలు, వినడం, చదవడం అంతే. బ్యాంకాక్‌లోనే రాయొచ్చు. ఎం.ఎ. ఇంగ్లీష్ చేసిన నన్ను పరీక్ష రాయమంటారా అని నాకూ ఒళ్లు మండింది. మండినా రాశా.

కాగితాల్లో మన వైపు వాళ్లకు వచ్చే గొడవ ఇంటిపేరు. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో మీ ఆయన ఇంటిపేరు ఎక్కించి ఉంటే మూడోది. ఇక్కడి ఆఫీసులో అమ్మాయికి ఆ ముగ్గురూ ఒకరేనని ఎట్టా తెలుస్తుంది? ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకున్నావా, ప్రొవిజనల్‌తోనే వచ్చేశావా? ఓడీ లేకపోతే ఇవాళే మీ నాన్నగారిని యూనివర్సిటీకి పంపించు.

దర్శి అన్న, మస్కట్:

చెల్లెమ్మా, అక్క చెప్పింది నిజమే గానీ ఇంకో దారి కూడా ఉంది. నీకు బి.ఇడి. ఉంది. గల్ఫ్‌లో మన సిబిఎస్‌ఇ స్కూళ్లలో అది లేకుండా లోపలికి రానివ్వరు, ఉంటే మంచి గౌరవం. బ్యాంకాక్‌లో కూడా ఇండియన్ సిలబస్ చెప్పే స్కూళ్లు ఉన్నాయి. మాకు ఏప్రిల్‌లో సంవత్సరం మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచే అప్లికేషన్లు తీసుకుంటారు. అదే సిలబస్, అదే పుస్తకాలు, ఒంగోలులో చెప్పినట్టే చెప్పుకోవచ్చు. టెన్షన్ లేని పని.

కావలి తమ్ముడు, హో చి మిన్ సిటీ:

నేనొక మాట. దేశం చూసి మోజు పడి లాభం లేదు. నేను ముందు కొరియా అనుకున్నా. అక్కడ టీచర్లకిచ్చే ఇ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఏడాది పోయాక తెలిసింది నాకు.

ఇంకోటి, బ్యాంకాక్‌లో ఉన్నావు కాబట్టి చెప్పాలి. ఇంగ్లీష్ వస్తే చాలు, జీతం లక్ష, మే సోట్ వైపు ఆఫీసు అని ఎవరైనా మెసేజ్ పెడితే నంబర్ బ్లాక్ చేసెయ్. అట్టా పోయి బర్మా సరిహద్దు దాటించి సైబర్ మోసాల కాంపౌండ్లలో పడినవాళ్లలో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు.

సెంటర్ల మీద అక్కకున్నంత కోపం నాకు లేదు. పర్మిట్ తీసిచ్చే మంచి సెంటర్లు ఉంటాయి. సాయంత్రాలు, శని ఆదివారాలు పని, అంతే తేడా.

నెల్లూరు అక్క:

తమ్ముడూ, పర్మిట్ తీసిచ్చేదైతే నాకూ అభ్యంతరం లేదు. ఈ అమ్మాయికి వచ్చింది అది కాదు కదా.

దర్శి అన్నా, మీ మాట కాదనను. కానీ మన పిల్లలకు ఇంగ్లీష్ పాఠం చెప్పడం వేరు, ఇంగ్లీష్ అసలు రాని పిల్లకు భాష నేర్పడం వేరు. నాకది తెలియక ఇక్కడ మొదటి స్కూల్లో మన దగ్గర చెప్పినట్టే చెప్పా. పాఠం చదివా, అర్థం చెప్పా, బోర్డు నిండా రాశా. మా సీనియర్ ఫిలిప్పీన్స్ ఆవిడ వెనక బెంచీలో కూచుని ఒక చీటీ రాసిచ్చింది: "యాభై నిమిషాల్లో నలభై నిమిషాలు నువ్వే మాట్లాడావు." మన దగ్గర పీరియడ్ అంతా ఆపకుండా మాట్లాడితే మంచి టీచరని పేరు! ఆ చీటీతో రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. వారం తర్వాత ఆవిడ క్లాసులో నేను పోయి కూచున్నా. ఆవిడ పట్టుమని పది వాక్యాలు మాట్లాడలేదు, పిల్లలు గోల గోలగా ఇంగ్లీషే మాట్లాడారు.

మొదటి ఉద్యోగానికి నేను చూడమనేది అదే. నీ క్లాసు చూసి తప్పు చెప్పే మనిషి అక్కడ ఉందా? ఇంగ్లీష్ నేర్పే టీచర్లకు శిక్షణ ఇచ్చే సెల్టా కోర్సుకు అంత ఫీజు పోసి జనం ఎందుకు చేరతారు? 120 గంటల్లో ఆరు గంటలు ఎదురుగా ఇంగ్లీష్ నేర్చుకునే పెద్దవాళ్లను పెట్టి పాఠం చెప్పిస్తారు, వెనక ఒకరు కూచుని చూస్తారు. ఆన్‌లైన్‌లో అగ్గువకు వచ్చే 120 గంటల సర్టిఫికెట్‌లో ఆ ఆరు గంటలే ఉండవు. నీకు డబ్బు పెట్టి కోర్సు చెయ్యమని చెప్పను. మంచి స్కూల్లో మొదటి టర్మ్ అదే నేర్పుతుంది, పైగా జీతమిచ్చి.

స్కూలు వాళ్లను నాలుగు మాటలు అడుగు, నొచ్చుకోరు. క్లాసులో నీతో పాటు థాయ్ టీచర్ ఉంటుందా (నలభై మంది ఉంటే ఉండి తీరాలి). వారానికి ఎన్ని పీరియడ్లు, పొద్దున గేటు దగ్గర నిలబడే డ్యూటీ ఎన్ని రోజులు. పర్మిట్ ఖర్చు ఎవరిది. మే నుంచి పొడిగిస్తే ఏప్రిల్ సెలవులకు జీతం ఉందా, లేదా. ఇవి అయ్యాక, నీ స్థానంలో ఇప్పుడున్న టీచర్‌తో ఒక్కసారి మాట్లాడించమను. మాట్లాడించనంటే అదీ ఒక జవాబే.

కందుకూరు అమ్మాయి:

అక్కా, చాలా థాంక్స్. ఓడీ ఉంది. పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంది, బతికిపోయా. స్కూలు వాళ్లకు ఫోన్ చేశాను. థాయ్ టీచర్ ఉంటుందట, పర్మిట్ ఖర్చు వాళ్లదే, ఏప్రిల్ జీతం మాత్రం పొడిగించినవాళ్లకు సగమే ఇస్తారట. ఇప్పుడున్న టీచర్‌తో రేపు మాట్లాడిస్తామన్నారు. డెమో బుధవారం, మూడో తరగతి, ఇరవై నిమిషాలు. నా యాక్సెంట్ గురించే భయంగా ఉంది. మార్చుకోవాలా?

నెల్లూరు అక్క:

సగం జీతమని ముందే చెప్పారంటే దాచేవాళ్లు కాదులే.

యాక్సెంట్ మార్చుకోవద్దు, అరువు తెచ్చుకున్నది ఐదో నిమిషంలో ఊడిపోతుంది. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకు నిద్ర పట్టదు, బుక్ అని ఊరుకోం, బుక్కు అంటాం. థాయ్ పిల్లలది దీనికి తలకిందులు, మాట చివరి హల్లును మింగేస్తారు. బస్ అనమంటే బట్ అన్నట్టు వినిపిస్తుంది. నువ్వు ఉకారం తగిలిస్తే వాళ్లు అదీ నేర్చుకుంటారు. రెండోది వకారం. మన నోట్లో వెట్ అంటే పశువుల డాక్టరో తడో తెలియదు. వాళ్లకూ ఆ రెండూ ఒకటే. కాబట్టి డెమోలో ఆ అక్షరాల జోలికి పోకు, తర్వాత నెమ్మదిగా నువ్వూ వాళ్లూ కలిసి నేర్చుకోవచ్చు.

పాఠానికి పండ్లు పెట్టుకో. బొమ్మలు కాదు, నిజం పండ్లు, పొద్దున్నే మార్కెట్లో కొను. సంచిలో చెయ్యి పెట్టి ఏదో చెప్పమంటే మాట్లాడని పిల్ల ఉండదు. నువ్వు తక్కువ మాట్లాడు. చివర్లో అందరూ చేతులు జోడిస్తారు, నువ్వూ జోడించు. టీచర్‌ను ఖ్రూ అంటారు, మన గురు శబ్దమే, వింటే ముచ్చటేస్తుంది.

మంగళవారం సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చెయ్. ఒకసారి నా ముందు చెప్పి చూపించు, మా చిన్నదాన్ని మూడో తరగతి పిల్లగా కూచోబెడతా.