1942 నాటి ఇషాపూర్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కర్రకు ఏ నూనె పూయాలి?

టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ గన్ షోలో 1942లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్ కొన్నాను. బెంగాల్‌లో పుట్టిన రైఫిల్ ఇంత దూరంలో దొరకడం భలే అనిపించింది.

బ్యారెల్ బాగానే ఉంది. చిక్కంతా కర్రతోనే. పాత గ్రీజు ఇంకి నల్లబడింది, ఎండలో పెడితే జిగురుగా పైకి చెమరుస్తోంది. ట్రిగ్గర్‌కి ముందు అడ్డంగా బిగించిన స్క్రూ దగ్గర వెంట్రుకంత చీలిక కూడా ఉంది.

ఉప్పుకాగితం పెట్టి రుద్దితే పాత ముద్రలు పోతాయి, అది మాత్రం చేయను. మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పలచన చేసే ద్రావకం) తుడిస్తే సరిపోతుందా? తర్వాత పచ్చి అవిసె నూనా, ఉడికించినదా? సైన్యంలో పచ్చిదే వాడేవారు గానీ అది ఓ పట్టాన ఆరదు. చీలికలో ఎపాక్సీ నింపొచ్చా? ఆ స్క్రూ ఊడదీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది బాగుచేసినవాళ్లు కాస్త చెప్పండి.