మొల్ల యనగ... వరలినదా, బరగినదా?

బద్వేలు అక్క: తమ్ముడికి పాప పుట్టింది. మొల్ల అని పెట్టాలని నా పట్టుదల. కడప జిల్లాలోనే ఈ పేరు వినపడకపోతే ఇంకెక్కడ వినపడుతుంది? నామకరణం కార్డు మీద రామాయణం రాసిన కవయిత్రి మొల్ల పద్యమే వేయించాలి. "గురు డాతుకూరి కేసయ వరపుత్రిని మొల్ల యనగ" తర్వాత వరలిన దాననా, బరగిన దాననా? ప్రెస్సాయన రేపే కావాలంటున్నాడు.

ప్రొద్దుటూరు: వరలిన దానన్. వరపుత్రిని అన్నాక వరలిన అంటేనే నోటికి ఇంపు.

కర్నూలు: యతి బరగినకూ కుదురుతుంది, వకారానికి బకారం చెల్లుతుంది కదా. రెండూ నాలుగు లఘువులే, ఛందస్సు దీన్ని తేల్చదు. నా ఓటు బరగినకే. లక్షణాలేవీ నాకు తెలియవని చెప్పుకున్న మనిషి, వెలిగిపోతున్నానని అంటుందా?

ప్రొద్దుటూరు: వరలడమంటే వెలగడమొక్కటేనా అన్నా? ఒప్పడం, ఉండడం కూడా.

అనంతపురం: గోపవరం శ్రీకంఠమల్లేశుడి వరం వల్లే కవిత్వం అబ్బిందని ఆమే చెప్పుకుంది. ఆ మల్లేశుడి పేరే కూతురికి మొల్ల అయ్యుంటుందని ఎప్పటినుంచో నా అనుమానం.

బద్వేలు అక్క: మా అత్త కూడా అంతే, రెండూ ఒకటే కదా, మల్లిక అని పెట్టండి అంటోంది.

కర్నూలు: ఒకటి కాదక్కా, దయచేసి మార్చొద్దు. మొల్ల అంటే కుందం. పోతన "శారద నీరదేందు" పద్యంలో మల్లికాహారం వేరు, కుందం వేరు. మల్లె ఎండాకాలం పూత, మొల్ల చలికాలంది, అమరకోశంలో దానికి మాఘ్యమనే పేరే ఉంది. కొసదేరిన సన్నటి తెల్ల రెక్కలు. కవులు పలువరుసను మొల్లమొగ్గలతో ఎందుకు పోల్చారో మొగ్గ చేతిలో పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. మల్లేశుడి దాకా పోనక్కర్లేదప్పా.

అనంతపురం: పువ్వు పేరైతే దేవుడి పేరు కాకూడదా? మల్లికార్జునుడిలో మల్లిక లేదా?

ప్రొద్దుటూరు: పోతన మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆ పద్యం ఒంటిమిట్ట కోదండరాముడి ముందు నిలబడి గొంతెత్తి చదవాలి. ఆయన మావాడు, గుళ్లో విగ్రహం కూడా ఉంది.

కర్నూలు: బమ్మెర పోతన. ఓరుగల్లు దగ్గరి బమ్మెర వాడని ఇంటిపేరే చెబుతోంది కదా.

ప్రొద్దుటూరు: ఇంటిపేరుదేముంది, ఆతుకూరి మొల్ల గోపవరంలో లేదా?

కర్నూలు: గోపవరం మాట ఆమె పద్యంలోనే ఉంది. ఒంటిమిట్ట మాట పోతన ఎక్కడ చెప్పాడు? పద్యం చూపించు, ఒప్పుకుంటా.