పేస్‌మేకర్ పెట్టించుకున్న అమ్మ అడ్డపొగ మానడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (టెక్కలి దగ్గరి పల్లె నుంచి)

మా అమ్మ వయసు అరవై దాటింది. పొలం గట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే ఈసీజీ తీయించాము. నాడి నిమిషానికి నలభై లోపే ఉందనీ, గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం అందడం లేదనీ చెప్పి, విశాఖపట్నంలో పేస్‌మేకర్ అమర్చారు. ఇప్పుడు నీరసం తగ్గి, ఇంటి పనులు తానే చేసుకుంటోంది.

నా బెంగ చుట్ట గురించి. మన వైపు పెద్ద వయసు ఆడవాళ్లలో చాలామందిలాగే అమ్మ కూడా చుట్ట కాలే కొసను నోట్లో ఉంచుకుని అడ్డపొగ పీలుస్తుంది. వద్దంటే “గుండికి మిషనెట్టేరు కదా, ఇంకేటైపోద్ది” అంటోంది. ఆ మాటలో నిజమెంత? ఇంట్లో ఇండక్షన్ పొయ్యి, పొలంలో మోటారు ఉన్నాయి. సెల్‌ఫోను జాకెట్లో దోపుకునే అలవాటు కూడా ఆమెకు ఉంది. వీటి విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పగలరు.

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం)

అమ్మగారి మాటలో నిజం లేదమ్మా. పేస్‌మేకర్ చేసే పని ఒక్కటే: నాడి నిర్ణయించిన వేగం కంటే తగ్గినప్పుడు సన్నని తీగ ద్వారా సంకేతం పంపి గుండెను కొట్టుకునేలా చేస్తుంది. గుండెకు రక్తం అందించే నాళాలలో ఏం జరుగుతున్నదీ దానికి తెలియదు. పొగాకు దెబ్బ ఆ నాళాల మీదే పడుతుంది. నికోటిన్ రక్తపోటును పెంచుతుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది, నాళాల లోపలి పొర దెబ్బతిని రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. కాబట్టి పేస్‌మేకర్ ఉన్నవారికి గుండెపోటు రాదనుకోవడం పొరపాటు.

పొగను లోపలికి మింగడం లేదని అడ్డపొగ అలవాటున్నవారు సమర్థించుకోవడం నేను వార్డులో చాలాసార్లు విన్నాను. చుట్ట పొగకు క్షార గుణం ఉంటుంది కనుక నికోటిన్ నోటి పొర ద్వారానే రక్తంలోకి చేరిపోతుంది. పైగా నిప్పు వేడికి అంగిలి మీద తెల్లని మచ్చలు, ఎర్రని చుక్కలు ఏర్పడి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. గుండె డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజునే దంత వైద్యునికి కూడా ఒకసారి నోరు చూపించండి.

ఆపరేషన్ జరిగి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు పేస్‌మేకర్ పెట్టిన వైపు చేతిని భుజం కంటే పైకి ఎత్తకూడదు, నీళ్ల బిందె మోయకూడదు. తీగ కొస కదిలిపోయే ప్రమాదం ఉంది. కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపించినా, కళ్లు తిరిగినా, ఆగకుండా ఎక్కిళ్లు వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎక్కిళ్లను చాలామంది తేలికగా తీసుకుంటారు గానీ, తీగ జరిగి, ఉదరవితానానికి (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే, ఊపిరి తీయించే కండరానికి) సంకేతం తగులుతున్నదని అర్థం కావచ్చు.

జవాబు (బొబ్బిలి, వెల్డింగ్ షాపు)

నాకు పేస్‌మేకర్ అమర్చి చాలా ఏళ్లయింది; ఒకసారి బ్యాటరీ అయిపోతే పెట్టెను మార్చారు, తీగలు పాతవే ఉన్నాయి. సాధారణంగా బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వరకు వస్తుందట.

ముందు జాకెట్లో ఫోను మాన్పించండి. ఫోను పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, మాట్లాడేటప్పుడు అవతలి చెవికి పెట్టుకోవాలి. ఇండక్షన్ పొయ్యి వెలిగి ఉన్నప్పుడు రెండడుగులు వెనక్కి నిలబడమంటారు. వంట చేసేవారికి అది సాధ్యమయ్యే పని కాదు కనుక గ్యాసు పొయ్యే మేలని నా అభిప్రాయం. మిక్సీ, టీవీ, ఫ్యాను మామూలుగా వాడుకోవచ్చు. పొలం మోటారుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి, తిరుగుతున్న మోటారు మీదకు వంగవద్దని చెప్పండి. ఆర్క్ వెల్డింగ్ మాత్రం నేను పూర్తిగా మా అబ్బాయికి వదిలేశాను.

మోకాళ్ల నొప్పులకు “కరెంటు పెట్టించుకోవడం” మన ఆడవాళ్లకు అలవాటు కదా, అక్కడ పేస్‌మేకర్ ఉందని ముందే చెప్పాలి. విద్యుత్ తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే డయాథెర్మీ అనే చికిత్స వీరికి పనికిరాదు. ఎంఆర్ఐ కొన్ని రకాల పేస్‌మేకర్లకు ముందుజాగ్రత్తలతో తీయవచ్చు. ఏ రకమో ఆసుపత్రివారు ఇచ్చిన కార్డు మీద ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నేటి నుంచే ఫోనుకు చిన్న సంచీ కుట్టి నడుముకు కట్టిస్తాను. చుట్ట ఒక్కసారిగా మానేస్తే గుండెకు ఇబ్బంది అని ఇరుగుపొరుగు అంటున్నారు, నిజమేనా?

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు)

కాదమ్మా. మానిన మొదటి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, మలబద్ధకం ఉంటాయి, అవి తగ్గిపోతాయి. గుండెకు హాని ఉండదు. మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు, పొగ తాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది. తట్టుకోలేకపోతే నికోటిన్ బిళ్లలు వాడవచ్చునో లేదో ఆమె డాక్టరునే అడగండి. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే మానేందుకు సలహాలు ఇస్తారు. మొదట ఉదయం టీ తరువాత కాల్చే చుట్టను ఆపించి చూడండి, నా అనుభవంలో అన్నిటికన్నా కష్టమైనది అదే.