బెంచీలు యూ ఆకారంలో వేస్తే పిల్లలు పాఠం వింటారా?

తెలుగు టీచర్ (హైస్కూల్):
ఒక మలయాళ సినిమా చూసి కేరళలో కొన్ని బడులు బెంచీలను గోడల వెంట యూ ఆకారంలో వేశాయి. 2025 జులైలో తమిళనాడు విద్యాశాఖ కూడా తమిళ ‘ప’ అక్షరం (ப) ఆకారంలో, అంటే యూ లాగే, కూర్చోబెట్టమంది, విమర్శలు రావడంతో ఆపింది. మా హెచ్‌ఎంగారు మనమూ చేద్దామంటున్నారు. వెనక బెంచీ లేకపోతే ధ్యాస నిలుస్తుందంటారా?

ఒక తల్లి:
మా పాపకు కళ్లద్దాలు. పక్క గోడ దగ్గర కూర్చుంటే రోజంతా మెడ తిప్పి బోర్డు చూడాలి. వద్దండీ.

లెక్కల టీచర్:
ఏడో తరగతిలో నాకు 52 మంది. మా గదిలో యూ ఆకారం వేస్తే సగం మందే పడతారు. మిగతావాళ్లకు ఇంకో వరస వేయాలి, వెనక బెంచీ మళ్లీ వచ్చినట్టే.

నా అనుభవంలో ధ్యాస పోయేది మనం ప్రశ్న అడిగే తీరు వల్ల. ఏళ్ల తరబడి నేను ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడిగేవాణ్ణి. పేరు వినగానే మిగతా 51 మంది ‘హమ్మయ్య’ అనుకునేవాళ్లు. ఇప్పుడు ముందు ప్రశ్న వేసి, కాసేపు ఆగి, ఆ తర్వాత పేరు పిలుస్తున్నాను. ఎవరి వంతో తెలియదు కాబట్టి అందరూ ఆలోచిస్తారు.

భోజనం తర్వాతి పీరియడ్‌లో కునికిపాట్లు మామూలే. అప్పుడు పలకలు తీయిస్తాను, ఒకటో తరగతి పిల్లలు వాడే పలకలే. మైనస్ 3లోంచి మైనస్ 5 తీసేస్తే ఎంత? అందరూ రాసి ఒక్కసారి పైకెత్తాలి. మొన్న సగం పలకల మీద 2 బదులు మైనస్ 8 ఉంది! ‘అర్థమైందా?’ అని అడిగి ఉంటే ‘అయింది సార్’ అనేవాళ్లు, నేను తర్వాతి లెక్కకు వెళ్లిపోయేవాణ్ణి.

ప్రాథమిక పాఠశాల టీచర్:
సార్, పలకల మాట ఒప్పుకుంటాను. కానీ కూర్చునే తీరును కొట్టిపారేయకండి. నా దగ్గర 18 మందే. యూ ఆకారంలో వేశాక, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఎదురుగా ఉన్న పిల్లాడి తప్పు సరిదిద్దింది. వరసల్లో ఆ పిల్లకు కనిపించేది ముందువాళ్ల వీపే కదా! బోర్డు మీద రాసేటప్పుడు మాత్రం అందరినీ ఇటు తిరగమంటాను.

లెక్కల టీచర్:
18 మందికైతే నేనూ సరేనంటాను, మేడమ్. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక టీచర్ అని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ముందు సెక్షన్ విడగొట్టమని గట్టిగా అడగాలి.

తెలుగు టీచర్:
మా తొమ్మిదో తరగతిలో 26 మంది. కథల పీరియడ్ వరకు యూ ఆకారం వేసి చూస్తాను. కళ్లద్దాల పిల్లల్ని బోర్డుకు ఎదురుగానే ఉంచుతానమ్మా. పలకలకు డబ్బు రేపే హెచ్‌ఎంగారిని అడుగుతాను.