సినిమాల కోసం ల్యాప్‌టాప్: 14 అంగుళాల ఓఎల్ఈడీనా, 16 అంగుళాల ఐపీఎస్సా?

రూమ్_204:
అందరికీ నమస్తే. అమీర్‌పేట హాస్టల్లో ఉంటాను. బడ్జెట్ 75 వేలు. పగలు ఆఫీసు పని, రాత్రి సినిమా. టీవీ లేదు, నాకు థియేటర్ అయినా ఇదే. షోరూంలో రెండు చూసి వచ్చాను, ధర ఇంచుమించు ఒకటే. ఒకటి 14 అంగుళాల ఓఎల్ఈడీ స్క్రీన్, రెండోది 16 అంగుళాల ఐపీఎస్ స్క్రీన్. రెండిటికీ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10. ఏది తీసుకోమంటారు?

నైట్‌షో:
ఓఎల్ఈడీ. ఇంకో ఆలోచనే వద్దు.

ఐపీఎస్‌లో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పొర దాన్ని అడ్డుకోవాలి. పూర్తిగా అడ్డుకోలేదు. కాంట్రాస్ట్ 1000:1 అంటే తెలుపు 300 నిట్స్ (వెలుగు కొలత) ఉన్నప్పుడు నలుపు 0.3 నిట్స్ అన్నమాట. వినడానికి చిన్న అంకే, కానీ లైటు ఆర్పేసిన గదిలో ఆ నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్ఈడీలో ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెలే వెలుగు, నలుపు కావాలంటే ఆరిపోతుంది. రాత్రిపూట అడవి సీను ఏదైనా పెట్టి చూడండి. ఐపీఎస్‌లో చెట్టూ మనిషీ ఒకే ముద్ద. ఓఎల్ఈడీలో చెట్టు చాటున నిలబడ్డవాడి భుజం అంచు కూడా తెలుస్తుంది.

ఎక్సెల్_మాస్టారు:
తమ్ముడూ, తొందరపడకు. నేనూ ఇలాగే ఎవరో చెబితే విని ఓఎల్ఈడీ కొన్నాను. రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్. ఏడాదిన్నర తిరిగేసరికి కింద టాస్క్‌బార్ ఉండే చోట మచ్చ పడింది. తెల్ల పేజీ తెరిస్తే ఐకాన్ల నీడలు. సర్వీస్ సెంటర్‌కు మూడుసార్లు తిరిగాను. చివరికి అక్కడి కుర్రాడు ‘ఇది వారంటీలోకి రాదు సార్’ అని బ్యాగులో పెట్టి ఇచ్చేశాడు.

పైగా బ్రైట్‌నెస్ తగ్గిస్తే కొన్ని ఓఎల్ఈడీ ప్యానెళ్లు సెకనుకు 240 సార్లు ఆరి వెలుగుతాయి. అందరికీ తేడా తెలియదు. నాకు మాత్రం గంటలో కణతలు లాగేసేవి.

పాప్‌కార్న్:
స్పీకర్లు కింది వైపు ఉన్నాయేమో చూసుకో బ్రో. పరుపు మీద పెడితే డైలాగ్ ఒక్కటి వినపడదు.

కొలతల_కృష్ణ:
అసలు లెక్క ఎవరూ చెప్పడం లేదు. స్కోప్ సినిమా, అంటే వెడల్పు తెర సినిమా, వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.39:1. 16:10 స్క్రీన్‌లో పైనా కిందా నల్ల పట్టీలు తప్పవు. 16 అంగుళాల దాంట్లో బొమ్మ వెడల్పు 13.6, ఎత్తు 5.7 అంగుళాలు. 14 దాంట్లో 11.9 వెడల్పు, 5 ఎత్తు. అంటే పెద్దదాంట్లో బొమ్మ వైశాల్యం దాదాపు 30 శాతం ఎక్కువ.

ఎక్సెల్_మాస్టారు:
అదే నేను చెప్పేది! డబ్బు పెట్టి ఐదు అంగుళాల బొమ్మ చూడాలా?

నైట్‌షో:
ఆ నల్ల పట్టీల సంగతే మాట్లాడదాం. ఐపీఎస్‌లో అవి సినిమా అంతసేపూ మసకగా వెలుగుతూనే ఉంటాయి. మూలల్లో లైటు కారడం సరేసరి. ఓఎల్ఈడీలో అయితే చీకట్లో పట్టీ ఎక్కడుందో కనిపించదు, బొమ్మ ఒక్కటే గాల్లో తేలినట్టు ఉంటుంది.

ఎక్సెల్_మాస్టారు:
పట్టీలు చూడ్డానికి ఎవరైనా సినిమా పెట్టుకుంటారా అండీ?

నైట్‌షో:
పట్టీలు ముందు తెచ్చింది నేను కాదు.

కొలతల_కృష్ణ:
నేను తెచ్చాను, కొలత కోసం తెచ్చాను. రంగు కోసం కాదు.

పాప్‌కార్న్:
ప్లాన్ ఏంటో కూడా చెప్పు బ్రో. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్ అయితే వచ్చేది 720పీ. 4కే, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా బాగా చూపే వీడియో) కావాలంటే ప్రీమియం ఉండాలి. ఐపీఎస్ డబ్బా మీద హెచ్‌డీఆర్ 400 అని ఉంటే మురిసిపోకు. ఆ స్టిక్కర్‌కు లోకల్ డిమ్మింగ్, అంటే బొమ్మలో చీకటి ఉన్న చోట మాత్రం వెనక లైటు తగ్గించడం, ఉండాలన్న రూలు లేదు.

ఎక్సెల్_మాస్టారు:
నైట్‌షో గారూ, మీరు ప్రతి థ్రెడ్‌లోనూ ఇంతే. ఎవరి జేబు, ఎవరి కళ్లు అన్నది పట్టదు. మీ మాట విని కొన్నవాళ్ల మచ్చలకు మీరు జవాబుదారీ ఉంటారా?

నైట్‌షో:
మీ ఒక్క ల్యాప్‌టాప్ పాడైందని ఊరందరినీ బూడిద రంగు నలుపు చూడమంటారా? మా నాన్న టౌన్ హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. అప్పట్లో ప్రొజెక్టర్‌లో వెలుగు కార్బన్ కడ్డీల నుంచే. అవి కాలి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరితే తెర మీద వెలుగు చచ్చిపోతుంది. ఆయన అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో ఆ మర తిప్పుతూ, చిన్న కిటికీలోంచి తెర వైపే చూసేవాడు. తెర మసకబారితే ఆయనకు ముద్ద దిగేది కాదు. కెమెరామన్ పెట్టిన వెలుగు జనానికి అందకపోతే సినిమా వేసినట్టే కాదనేవాడు. నేను బేరం చెప్పడం లేదు. నాకు అది పట్టింపు.

ఎక్సెల్_మాస్టారు:
సరే, నా సంగతీ చెబుతాను. నేను ఒక్కణ్ణే సినిమా చూడను. మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది, హాల్లో ఉన్న పాత టీవీ పోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం చూసేవాళ్లం. ఎదురుగా కిటికీ. ఆ ఓఎల్ఈడీకి అద్దం లాంటి గ్లాసు. మీరన్న చీకటి సీను వచ్చిందంటే దాంట్లో కిటికీ ఊచలు, మా ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనపడేవి కావు. ‘ఏం జరుగుతోందిరా?’ అని అమ్మ అడిగేది, నేను చెప్పేవాణ్ణి. ఇప్పుడు 16 అంగుళాల మ్యాట్ (అద్దంలా మెరవని) ఐపీఎస్ కొన్నాను. నలుపు నలుపు కాదు, ఒప్పుకుంటాను. కానీ అమ్మ నన్ను అడగడం మానేసింది.

నైట్‌షో:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదండీ. కిటికీ ఎదురుగా అయితే నేనూ మ్యాట్ ఐపీఎస్ అనే చెబుతాను. కానీ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, అంటే తక్కువ రంగులు చూపే ప్యానెల్ మాత్రం వద్దంటాను, దాంట్లో ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది. 100 శాతం ఎస్ఆర్‌జీబీ, అంటే మామూలు వీడియోల రంగులన్నీ చూపేది, ఉండాలి.

ఎక్సెల్_మాస్టారు:
మీరు అడిగారా, ఎక్కడ కూర్చుని చూస్తారని? ఆ అబ్బాయినీ అడగలేదు.

రూమ్_204:
నేనే చెబుతాను. రూమ్‌లో ముగ్గురం. పదకొండుకు లైటు ఆపేస్తారు. ఆ తర్వాతే నా సినిమా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గోడ వైపు తిరిగి. పక్కవాళ్ల నిద్ర పాడవకుండా బ్రైట్‌నెస్ బాగా తగ్గించాలి.

ఎక్సెల్_మాస్టారు:
చీకటి గది అంటే ఓఎల్ఈడీ వైపే మొగ్గు, కాదనను. కానీ బ్రైట్‌నెస్ తగ్గించి చూస్తానంటున్నావు, నా కణతలు లాగింది సరిగ్గా అక్కడే. షోరూంలో అన్నీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెడతారు. తగ్గించమని అడిగి, పావుగంట అక్కడే నిలబడి చూడు.

నైట్‌షో:
ఆ మాట నిజం. నేను చెప్పాల్సింది, చెప్పలేదు.

రూమ్_204:
శనివారం వెళ్తున్నాను. పెన్‌డ్రైవ్‌లో రాత్రి సీను ఒకటి వేసుకుని పోతా. కళ్లకు పడితే ఓఎల్ఈడీ, టాస్క్‌బార్ దాచిపెట్టుకుంటాను. పడకపోతే 16 అంగుళాలది.